వేడిగా తిరిగొచ్చిన దిమ్మ

డిసెంబరు 9, మంగళవారం

పొద్దున్న మంచు పల్చగా పడి ఎనిమిదింటికల్లా విడిపోయింది. నాలుగు గంటలు ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం దాటాక పడమట నుంచి మబ్బు పట్టింది. పండన్నా నేనూ మెట్ట మీద అద్దాలు తుడిచాం. నూటపద్నాలుగు అద్దాలు. పాత చీరగుడ్డతో తుడిస్తే గీతలు పడవు, తువ్వాలుతో తుడిస్తే పడతాయి. ఈ ఉప్పింటికి నా తర్వాత వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

సాయంత్రం తొట్టిలో ఉప్పు వేడి 412 డిగ్రీలు. మంచి వేడి. అద్దాల ఎండకు కరిగిన ఉప్పు గొట్టాల్లో నీళ్ళలా తిరుగుతోంది. తొట్టి చుట్టూ గూళ్ళలో రాతి దిమ్మలు పెట్టి, ఒక్కొక్కటి మూడువందలకు రాగానే తీసి ఊకపెట్టెల్లో సర్దాం. పండన్న పెట్టెలకు తాళ్ళు కట్టి కావిడి మీద ఇళ్ళకు చేర్చాడు. ముప్పై ఒక్క ఇల్లు, ముప్పై ఒక్క దిమ్మ. మూత తీసి దిమ్మ మీద గిన్నె పెడితే వంట అవుతుంది. తర్వాత మూత ఓరగా ఉంచి పెట్టెను మంచం కిందకు తోసుకుంటే రాత్రి గడుస్తుంది. సిలిండర్ల బండి ఈ కొండ ఎక్కడం మానేసి పన్నెండేళ్ళయింది.

పెట్టెలకు కొత్త ఊక నింపాం కాబట్టి ఒకదాన్ని పరీక్షకు ఉంచాను. మూడువందల దిమ్మ లోపల పెట్టి, తాడు కట్టి, ముట్టుకోకుండా వదిలేశాను.

వచ్చినవాళ్ళు: లేరు. వెళ్ళినవాళ్ళు: లేరు.

డిసెంబరు 10, బుధవారం

మంచు పదకొండింటిదాకా విడవలేదు. తర్వాత మబ్బు. ఎండ లేదు.

పరీక్ష పెట్టె విప్పి దిమ్మకు కొలతకర్ర ఆనించాను. 260. ఎవరూ ముట్టుకోకపోతే రాత్రికి నలభై పోతుందన్నమాట. పెట్టె బాగానే ఉంది.

ఉప్పు 401.

వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు: లేరు.

డిసెంబరు 11, గురువారం

రోజంతా మంచే. అయినా అద్దాలు తుడిచాం. తుడిచిన అద్దం మీద మళ్ళీ చెమ్మ పట్టడం చూస్తూ నిలబడ్డాం. సూర్యుడు సెలవు చీటీ కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాడని పండన్న అన్నాడు. వరసకు నాకు బావమరిది. నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. అందుకే పనికి పెట్టుకున్నాను.

ఉప్పు 388.

దిమ్మలు అన్నీ వెనక్కి వచ్చాయి. అరవై నుంచి ఎనభై మధ్య వేడి ఉంది. మా ఊళ్ళో దిమ్మను పూర్తిగా చల్లార్చి పంపరు. చల్లటి దిమ్మ ఒకే ఇంటి నుంచి వస్తుంది, చావు జరిగిన ఇంటి నుంచి. ఆ ఇంటివాళ్ళు దిమ్మ మీద నీళ్ళు పోసి, పెట్టె మూత తీసి పంపుతారు. అది చూసి ఉప్పింట్లో మాకు తెలుస్తుంది. కాబట్టి చలి ఎంతున్నా ప్రతి ఇల్లూ కాస్త వేడి మిగిల్చి పంపడం మర్యాద. మిగిలిన ఆ వేడి మళ్ళీ గూటికే చేరుతుంది, ఉప్పుకు ఆ మేరకు శ్రమ తగ్గుతుంది.

అప్ప దిమ్మ మాత్రం 115కి వచ్చింది.

అక్కను మా వైపు అప్ప అంటాం. పాంగి రాసులమ్మ, కింద వరస మూడో ఇల్లు. ఒక్కతే ఉంటుంది. అద్దాలు మెట్టకు మోసే రోజుల్లో బావ కాలుజారి లోయలో పడిపోయాడు. ఆయన మోస్తున్న అద్దం మాత్రం గట్టు మీదే ఉండిపోయింది, పగల్లేదు. తూర్పు వరసలో తొమ్మిదోది అదే. అప్ప ఎప్పుడైనా మెట్ట ఎక్కితే దాన్ని తనే తుడుస్తుంది.

వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు: లేరు.

డిసెంబరు 12, శుక్రవారం

మంచు. ఉప్పు 371.

వచ్చినవాళ్ళు: కిల్లో మత్స్యరాజు భార్య జమునకు ఆడపిల్ల. పొద్దున్న 11:15. నెలలు నిండలేదు. మంత్రసాని తూచి కిలో ఆరువందలు అంది.

బాలింత మంచం కింద వేడి ఆరకూడదు. పూర్వం కుంపటి పెట్టేవారట. జమున ఇంటికి ఇవాళ్టి నుంచి రెండో దిమ్మ వేశాను. ముప్పై రెండు.

డిసెంబరు 13, శనివారం

మంచు. ఉప్పు 352. అప్ప దిమ్మ 170.

డిసెంబరు 14, ఆదివారం

ఉప్పు 334. మూడువందల యాభై దిగింది కాబట్టి ఇవాళ్టి నుంచి కొరత రోజులని పలక మీద రాసి ఉప్పింటి గోడకు తగిలించాను.

కొరత రోజుల్లో ఉప్పింటి మనిషి ఎవరి గడపా దాటకూడదు. ఎవరింట్లోనూ తినకూడదు. నాకు ముందు ఇక్కడున్న మనిషి ఒక ఏడు తన వియ్యంకుల ఇంటికి దొంగచాటుగా రెండో దిమ్మ పంపాడు. తెలిశాక ఊరు రెండుగా చీలింది. ఆరు నెలలు ఒక వరసవాళ్ళు ఇంకో వరసవాళ్ళ నీళ్ళు ముట్టలేదు. తర్వాత అందరూ కూర్చుని ఈ కట్టు పెట్టారు. తాళం నా చేతికిచ్చినప్పుడు నేను ఒప్పుకున్న కట్టే ఇది. ఎదురు చెప్పలేదు. మంచిదే అనుకున్నాను.

రెండువందల ముప్పై దగ్గర ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. గొట్టాల్లో గడ్డకడితే మళ్ళీ కరిగించే దారి మా దగ్గర లేదు. గొట్టాలు చీలిపోతాయి. తర్వాత ఎండ ఎంత కాసినా ఉపయోగం లేదు.

వెళ్ళినవాళ్ళు: వంతల డొంబు, భార్య, ముగ్గురు పిల్లలు. కింద మైదానంలో వాళ్ళ మేనమామ ఊరికి. పొద్దున్న 7:20. వాళ్ళ దిమ్మ తగ్గించాను.

డిసెంబరు 15, సోమవారం

మంచు గోడలా ఉంది. నాలుగు అడుగుల అవతల మనిషి కనపడడు. ఉప్పు 318. అప్ప దిమ్మ 210కి వచ్చింది. ఇన్నేళ్ళలో ఏ ఇంటి దిమ్మా అంత వేడిగా తిరిగి రాలేదు. కొలతకర్ర చెడిందేమోనని రెండోసారి పెట్టాను. 210.

సాయంత్రం ఉప్పింటి అరుగు మీద అందరూ కూడారు. పెద్ద వరస కొర్రా గంగన్న మొదలెట్టాడు. వాళ్ళింట్లో తొమ్మిదిమంది.

"తొమ్మిదిమందికీ ఓ దిమ్మే, మీ అప్ప ఒకర్తికీ ఓ దిమ్మే. ఇదేటి లెక్క సోమన్నా? నువ్వు ఉప్పింట్లో ఉన్నావనేనా?" అన్నాడు.

ఇంటికొకటి అన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి, నేను పెట్టింది కాదు. అది అతనికీ తెలుసు. ఒంటి మనుషుల ఇళ్ళు ఇంకో నాలుగున్నాయి, వాటి మాట ఎత్తలేదు. నేను పుస్తకం తెచ్చి, ఏ ఇంటి దిమ్మ ఎంత వేడితో తిరిగొచ్చిందో చదివాను. గంగన్నది 58. మిగతావి అరవై, డెబ్బై. అప్పది 210.

చదివాక నాకే అనిపించింది. మిగులుతున్న ఇంటికి రోజూ పంపడం ఎందుకు? రేపటి నుంచి అప్పకు రోజు విడిచి రోజు అని అక్కడే చెప్పాను. ఆ మిగిలిన దిమ్మ జమున ఇంటికి మూడోదిగా వెళ్తుంది. సొంత అప్పకే కోత వేశాక ఒక్కొక్కరే అరుగు దిగారు. గంగన్న బీడీ చెవిలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

అప్ప సభకు రాలేదు. కింద వరస ఆడవాళ్ళు చెబుతారు. ఎలాగూ తెలుస్తుంది.

డిసెంబరు 16, మంగళవారం

మంచు. ఉప్పు 301. గూళ్ళలో దిమ్మలు మూడువందలకు రావడం లేదు. నిన్న 290కే తీశాం. అప్ప దిమ్మ 250.

కోత సంగతి విని ఏమందని పండన్నను అడిగాను. నవ్విందన్నాడు. ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాడు: "ఒంటి ముండని, దిమ్మతో నాకేటి పని, ఎదురెట్టుకుని కబుర్లు సెప్పుకుంతానేటి? జమున గుంటకి ఎట్టమను."

అప్పకు చిన్నప్పటి నుంచీ చలి తక్కువే. ఏటిలో పొద్దున్నే మునిగేది. మేం గట్టు మీద గోనెసంచులు కప్పుకుని కూర్చునేవాళ్ళం.

జమున బిడ్డ పాలు తాగుతోందట. మంచిది.

వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు: లేరు.

డిసెంబరు 17, బుధవారం

పొద్దున్న ఊటబావి దగ్గర అప్ప కనిపించింది. ఎనిమిది రోజుల తర్వాత చూడడం. గడప దాటకూడదన్న కట్టు ఊటబావికి వర్తించదు గానీ, గంగన్న కోడళ్ళు ఇద్దరు అక్కడే బిందెలు తోముతున్నారు. నేను ఈవల గట్టున ఆగాను. అప్ప బావ స్వెట్టరు వేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని ఉంది. చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. ఏదో అంది, మంచులో వినపడలేదు. మళ్ళీ అనమని అడగలేదు. దగ్గరకెళ్ళి అడిగితే దాపరికం మాటలంటారు.

నడక కాస్త నిదానంగా ఉంది. బిందె సగమే నింపుకుంది.

ఉప్పు 286. దిమ్మలు 260కి తీసి పంపాం. అప్పకు ఇవాళ వంతు.

డిసెంబరు 18, గురువారం

ఉప్పు 273.

అప్ప దిమ్మ 220. నిన్న 260కి వెళ్ళింది. ఇంట్లో ఒక అంబలి కాచుకుని ఊరుకుంటున్నట్టుంది. ఈమెకు అవసరం తక్కువ. ఇవాళ్టి నుంచి మూడు రోజులకొకటి అని రాసుకున్నాను. ఆ మాట చెబితే పండన్న కావిడి దించి ఏదో అనబోయాడు. ఏమిటన్నాను. ఏం లేదన్నాడు. అప్ప పగలు జమున బిడ్డ దగ్గర కూర్చుంటోందట, అక్కడ మూడు దిమ్మల వేడి ఉంది కదా అన్నాడు. అదీ నిజమే అనుకున్నాను.

మంచు ఇవాళ కొంచెం తెల్లగా ఉంది. నల్లటి మంచు కన్నా అది నయం.

డిసెంబరు 19, శుక్రవారం

ఉప్పు 258.

గంగన్న మళ్ళీ మనుషుల్ని పోగేశాడు. ఈసారి అందరూ అనుకుంటున్న మాటే అన్నాడు. తోటలో పాత కాఫీ మొద్దులున్నాయి, కొట్టి కాల్చుదాం అని.

గాలి శుభ్రంగా ఉంచాలని అడవిని అద్దెకు తీసుకుని, బదులుగా మాకు ఈ అద్దాలూ తొట్టీ ఇచ్చినవాళ్ళ ఎగిరే యంత్రం రోజుకు నాలుగుసార్లు ఊరి మీద తిరుగుతుంది. కర్ర పొగ కనిపిస్తే ఊరి పేరు మీద మచ్చ పడుతుంది. మాకు ఇప్పటికే రెండు మచ్చలున్నాయి. మూడోది పడితే అద్దాలూ తొట్టీ ఊడదీసుకుపోతారని కాగితంలో ఉంది. ఆ కాగితం మీద మా అందరి వేలిముద్రలూ ఉన్నాయి.

"మచ్చ పడితే పడనీ. గుంట నీలం తిరిగిపోతంటే కాగితం నెత్తినెట్టుకుంతామా?" అంది జమున అత్త.

సగం మంది ఆమె వైపే ఉన్నారు. నేనూ ఒక క్షణం అటే మొగ్గాను. కానీ కర్ర కాలిస్తే నాలుగు రోజుల వెచ్చన, తర్వాత ఎప్పటికీ ఏమీ లేదు. ఉప్పు 258 దగ్గరుంది. రోజుకు పదిహేను చొప్పున దిగుతోంది. దిమ్మల వేడి ఇంకా తగ్గించి, గొట్టాలకు గోనెలు చుడితే ఇంకో రెండు రోజులు ఆగుతుంది. ఇన్ని రోజుల మంచు ఇంతకుముందు ఎప్పుడూ లేదు, ఇంకా సాగదనుకున్నాను.

అదే చెప్పాను. ఇళ్ళు తట్టుకోగలవని కూడా చెప్పాను. నమ్మకం కలగడానికి పుస్తకం తీసి చూపించాను.

"మా అప్పని చూడండి. రెండు రోజులకోసారి దిమ్మ పంపినా సగానికి పైగా వేడి వెనక్కి పంపుతోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆమె ఉండగలిగితే మనం ఉండలేమా?"

ఈ మాటకు జనం మెత్తబడ్డారు. రెండు రోజులు చూద్దామని లేచారు. పండన్న ఆఖరున లేచాడు. నా మొహం చూడలేదు.

అప్ప ఈ సభకూ రాలేదు.

డిసెంబరు 20, శనివారం

ఉప్పు 243. గొట్టాలకు గోనెలు చుట్టాం. చేతులు తిమ్మిరెక్కాయి.

దిమ్మలు 225కి తీశాం. ఇళ్ళకు పొద్దున్నే కబురు పంపాను, ఇవాళ అంబలి కాగకపోతే నానబెట్టిన అటుకులు తినండని. అప్పకు ఇవాళ వంతు. సాయంత్రం అయిదున్నరకు పండన్న ఇచ్చి వచ్చాడు. గుమ్మంలోనే తీసుకుందట. ఉప్పెంతుందని అడిగిందట. 243 అని చెప్పాడట. "గడ్డ కట్టదు కదేటి?" అందట. లేదని చెప్పి వచ్చాడు.

వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు: లేరు.

డిసెంబరు 21, ఆదివారం

పొద్దున్న ఆరింటికి మంచు ఉంది గానీ పైన పల్చబడింది. మెట్ట కొమ్ము కనిపించింది. పదకొండు రోజుల తర్వాత.

పండన్న పెట్టెలు తేవడానికి వెళ్ళి కావిడి లేకుండా వచ్చాడు. అప్ప తలుపు తియ్యడం లేదన్నాడు.

నేను వెళ్ళాను. తలుపుకు గడియ లేదు, లోపలి నుంచి రాయి ఆనించి ఉంది. నెడితే వచ్చింది. గడప దాటాను. కట్టు సంగతి దాటాక గుర్తొచ్చింది.

ఇల్లు బయటికన్నా చల్లగా ఉంది. అప్ప మంచం మీద గోడవైపు తిరిగి, మోకాళ్ళు గడ్డం దగ్గరికి ముడుచుకుని ఉంది. బావ స్వెట్టరు, దాని మీద రెండు చీరలు, దుప్పటి. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోగానే తెలిసింది.

మంచం పక్కన గిన్నెలో చోడిపిండి చన్నీళ్ళలో కలిపి ఉంది. ఉడకని పిండి. సగం తాగింది. పక్కన ఇంకో గిన్నె, అందులోనూ అదే, ఎండిపోయి అంచుకు అట్టకట్టింది. వండిన గిన్నె ఏదీ లేదు. మూకుడుకు బూజు పట్టింది.

ఊకపెట్టె మంచం కింద లేదు. తలుపు పక్కన, పండన్న చేతికి అందేలా పెట్టి ఉంది. తాడు కట్టినట్టే ఉంది.

పండన్న గుమ్మంలో నిలబడి ఆ తాడు వైపు చూశాడు.

"నా ముడి బావా అది. ఇది మూడోసారి. నా ముడి నా సేతికే వస్తంది. అడిగితే, జమున కాడ కూకుంతన్నాను, ఇంటికాడ నాకు దిమ్మెందుకూ అంది. తమ్ముడికి సెప్పకు, ఉప్పు నిలబడాల అంది. నాను నమ్మీసినాను."

జమున ఇంటికి మనిషిని పంపి అడిగించాను. అప్ప అక్కడికి ఒక్కసారే వచ్చిందట, పురుడైన మర్నాడు. బిడ్డ పాదాలు చూసి, తన చేతులు చల్లగా ఉన్నాయని ముట్టుకోకుండా వెళ్ళిందట. ఇంట్లో దిమ్మ దండిగా ఉందని వాళ్ళకు చెప్పిందట.

పెట్టె విప్పి కొలతకర్ర ఆనించాను. ఎందుకో తెలియదు, చెయ్యి అలవాటు. 185. నిన్న సాయంత్రం 225కి వెళ్ళింది. నలభై పోయింది. పద్దెనిమిదో తేదీన 260కి వెళ్ళి 220కి వచ్చింది. పదహారున 290కి వెళ్ళి 250కి వచ్చింది. పదో తేదీన పరీక్ష పెట్టె గురించి ఇదే పుస్తకంలో ఇదే చేత్తో రాసుకున్నాను, ఎవరూ ముట్టుకోకపోతే రాత్రికి నలభై పోతుందని.

గంగన్న మాట విన్నాక అప్ప ఒక్కసారి కూడా పెట్టె విప్పలేదు. అంతకుముందు మంచు పట్టినప్పటి నుంచే కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చింది. వేడిగా తిరిగొచ్చిన ప్రతి దిమ్మనూ చూసి ఆమెకు వేడి ఎక్కువైందని నేను రాశాను. ఎక్కువైందని కోశాను. కోసిన దాన్ని పదిమందికి చదివి వినిపించాను.

రాత్రి ఆఖరి దిమ్మను కూడా విప్పదలుచుకోలేదో, విప్పడానికి చెయ్యి రాలేదో తెలియదు.

కింద వరసవాళ్ళు వచ్చారు. గంగన్న కూడా వచ్చాడు, బయటే నిలబడ్డాడు. ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చారు, దిమ్మ మీద పొయ్యడానికి. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి తమ్ముణ్ణి నేనే పొయ్యాలి. బిందె నా చేతికిచ్చారు. కాసేపు పట్టుకుని నిలబడ్డాను.

"ఎంత వేడుంది?" అని గంగన్న అడిగాడు.

185 అని చెప్పాను. అతను తల దించుకున్నాడు.

నేను నీళ్ళు పొయ్యలేదు. బిందె కింద పెట్టి, పెట్టె మూసి, పండన్న కట్టిన ముడే మళ్ళీ బిగించి భుజానికెత్తుకున్నాను. ఎవరూ అడ్డం రాలేదు. జమున ఇంటికి తీసుకెళ్ళి గుమ్మం బయట దించాను. చావింటి దిమ్మ పురిటింటికి రాకూడదు. జమున అత్త గడప మీద నిలబడి పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూసింది. అప్పుడు లోపలి నుంచి జమునే లేచి వచ్చింది, గోడ పట్టుకుని.

"అత్తా, తప్పుకో. అది రాసులమ్మప్ప పంపినాది" అంది.

అత్త తప్పుకుంది. జమున వంగలేకపోతే మత్స్యరాజు పెట్టెను లోపలికి తీసుకెళ్ళాడు. నేను గడప దాటలేదు.

పది గంటల నలభై నిమిషాలకు ఎండ వచ్చింది. ముందు మెట్ట కొమ్ము మీద, తర్వాత తూర్పు వరస అద్దాల మీద. పండన్న ఒక్కడే ఎక్కి తుడవడం మొదలెట్టాడు. మిగతావాళ్ళు చెప్పకుండానే వెనక వెళ్ళారు, ఆడవాళ్ళు పాత చీరలు చింపుకుని. తొమ్మిదో అద్దం నాకు వదిలేశారు. నేను మధ్యాహ్నం వెళ్ళి తుడిచాను.

పొద్దున్న ఉప్పు 234. గొట్టం మూలల్లో తెల్లగా పొర కట్టడం మొదలైంది, పగల్లేదు. మూడింటికి 262. సాయంత్రం 289. ఉప్పు నిలబడింది. రేపు దిమ్మలు మూడువందలకు వస్తాయి.

అప్పను నాలుగింటికి మోసుకెళ్ళాం.

ఊరి కట్టు ప్రకారం వెళ్ళినవాళ్ళ పేరు, ఇల్లు, వేళ రాయాలి. గడప దాటినందుకు తాళం పంచాయతీకి ఇచ్చేశాను. రేపటి నుంచి పండన్న రాస్తాడు.

వచ్చినవాళ్ళు: లేరు.

వెళ్ళినవాళ్ళు: పాంగి రాసులమ్మ, యాభై ఎనిమిదేళ్ళు, కింద వరస మూడో ఇల్లు. శనివారం సాయంత్రం అయిదున్నర తర్వాత, ఆదివారం పొద్దున్న ఆరుంపావు లోపల.